పడని నీలం

"అక్కా, ఒక మాట అడగాల. పాపకు పెండ్లికొడుకు వాళ్ళు నీలం ఉంగరం పెడతామంటా వుండారు. ఏం చెప్పేది?"

కుప్పం నుంచి ఫోను. చేసింది మా తోడికోడలు. నేనప్పుడు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని చారులోకి చింతపండు పిసుకుతున్నాను. చెయ్యి గిన్నెలో అట్లాగే ఆగిపోయింది. "రేపు చెప్తాలేమ్మా" అని పెట్టేశాను. ఆ పూట చారులో ఉప్పు రెండుసార్లు పడింది. మా ఆయన ఒక్క మాట అనకుండా మజ్జిగ పోసుకుని లేచారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నేర్చుకున్న గొప్ప విద్య అదొక్కటే.

మామూలుగా అయితే నగల విషయం నన్నెవరైనా అడగడమే ఆలస్యం. తరుగెంతో, మజూరీ ఎంతో, ఏ ఆచారి చెయ్యి శుభ్రమో గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. కానీ ఒకటి ఒప్పుకోవాలి. మన ఆడవాళ్ళకు బంగారం లెక్కల్లో తెలుసు, రాళ్ళు భయాల్లో తెలుసు. కెంపు మంచిది, ముత్యం చల్లన, పగడం కుజుడికి, పచ్చ బుధుడికి. నీలం దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గుతుంది. "పడితే రాజును చేస్తుందమ్మా, పడకపోతే..." అని వాక్యం సగంలో ఆపేస్తాం. ఆ మిగతా సగంలోనే ఉంది ఈ కథంతా.

నేను పుట్టింది మదనపల్లెలో. అందరికీ మదనపల్లె అంటే టమోటా మార్కెట్టు. చదువుకున్నవాళ్ళకైతే 1919లో రవీంద్రనాథ్ ఠాగూరు బీసెంటు కాలేజీలో దిగి 'జనగణమన'ను ఇంగ్లీషులోకి రాసిన ఊరు. నాకు మాత్రం నీరుగట్టువారిపల్లె మగ్గాల చప్పుడు. సెలవులొస్తే ఆ నేత ఇళ్ళ అరుగుల మీదే ఉండేదాన్ని. రంగుల పేర్లన్నీ అక్కడే నేర్చుకున్నాను: నెమలికంఠం, వంగపండు, ఉల్లిపొర, కనకాంబరం, చిలకపచ్చ. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేస్తే చీర ఇటు తిప్పితే నీలం, అటు తిప్పితే పచ్చ. "ఇంతకీ దీనిది ఏ రంగు?" అని అడిగితే నేసే ఆయన నవ్వి, "నువ్వు నిలబడిన చోటును బట్టి పాపా" అనేవాడు. అప్పుడు అది హాస్యమనుకున్నాను.

1978లో నన్ను పుంగనూరులో ఇచ్చారు. పుంగనూరు అనగానే పొట్టి ఆవులు గుర్తొస్తాయి కదూ? మా అత్తగారు కూడా ఆ లెక్కనే ఉండేవారు. మనిషి ఎత్తు తక్కువ, మాట ఎత్తు ఎక్కువ. అయితే చేతికి ఎముక లేని మనిషి. పెళ్ళైన మూడోనాడే తన వేలికున్న పుష్యరాగం ఉంగరం తీసి నా వేలికి తొడిగారు. "పెద్దకోడలివి, గురుబలం ఉండాల" అన్నారు. పండిన నిమ్మపండు రంగు, కొంచెం లోపల పొగ కమ్మినట్టుండే రాయి. ఆ తర్వాత మా ఇంట్లో మంచి ఏది జరిగినా దాని ఖాతాలోకే పోయింది. మా ఆయనకు ప్రమోషనొస్తే పుష్యరాగం. 1980లో పాప పుడితే పుష్యరాగం. బావిలో నీళ్ళు పడ్డా పుష్యరాగమే. బావి తవ్వినవాళ్ళ కష్టం ఎవరికీ గుర్తు రాలేదు.

1986లో మా మరిదికి కుప్పం సంబంధం కుదిరింది. కుప్పం అంటే మూడు రాష్ట్రాల కూడలి. ఒక కాలు తమిళంలో, ఒక కాలు కన్నడంలో పెట్టి తెలుగు మాట్లాడే ఊరు. రైలెక్కి బంగారుపేటలో బండి మారితే కోలారు బంగారు గనులు. ఆ పిల్ల తండ్రి ఆ గనుల్లోనే పని. ఛాంపియన్ రీఫ్ అనే గని లోతు మూడు కిలోమీటర్ల పైనే. భూమి కడుపులోంచి బంగారం తవ్వి పైకి పంపే మనిషి తన కూతురికి పెట్టగలిగిన బంగారం మాత్రం చాలా తక్కువ. ఒక సన్న గొలుసు, రెండు గాజులు, చెవులకు ఏడురాళ్ళ కమ్మలు. అంతే.

ఆ కమ్మలు మాత్రం చూడవలసినవి. నడుమ శంఖుపువ్వు రంగులో పెద్ద నీలం, చుట్టూ ఆరు తెల్లరాళ్ళు. 1981లో డయానా నిశ్చితార్థపు ఉంగరం ఫోటోలు పత్రికల్లో వచ్చాయి, గుర్తుందా? నడుమ 12 కారెట్ల సింహళ నీలం, చుట్టూ 14 వజ్రాలు. సరిగ్గా ఆ పోలికే. చామనఛాయ పిల్ల, ఒత్తయిన జడ, చెవుల్లో ఆ నీలం. తల తిప్పినప్పుడల్లా నాకు అసూయ వేసేది. దాచడమెందుకు, మీరూ ఆడవాళ్ళే.

మా అత్తగారు మాత్రం పెళ్ళి పీటల దగ్గరే నా చెవిలో "నీలం కదే అది!" అన్నారు. ఇంటికొచ్చాక కొత్తకోడలి చేత కమ్మలు తీయించి వెండిగిన్నెలో పాలు పోసి అందులో వేశారు. ఈ పరీక్ష మనవాళ్ళకు చాలా పాతది. గరుడపురాణంలో రత్నాల గురించి చెప్పేచోట, తనకు నూరురెట్లు పాలను కూడా నీలంగా మార్చేది మహానీలం అని ఉంది. మేమందరం గిన్నె చుట్టూ మూగి తలలు వంచి చూశాం. పాలు నీలిగా కనిపించాయి. కనిపించాయో, కనిపించాయని అనుకున్నామో ఇప్పుడు చెప్పలేను. "అసలు నీలమే" అని అత్తగారు మూతి బిగించారు. అసలుదైతే సంతోషించాలి కదా? ఆవిడ దిగులు పడ్డారు.

కొత్తకోడలు గిన్నె వైపు చూడలేదు. నేల వైపు చూస్తూ నిలబడింది. సిగ్గనుకున్నాను.

పెళ్ళైన నెలలోపలే మా మరిది చిత్తూరు నుంచి స్కూటరు మీద వస్తూ మొగిలి ఘాట్ దగ్గర పడ్డాడు. తొడ ఎముక విరిగింది. రెండు నెలలు వేలూరులో ఆసుపత్రి మంచం. కాలు నిలిచింది కాని నడకలో కొద్దిగా వంకర మిగిలింది. ఘాట్ రోడ్డు మలుపు, ఆ పూట వాన, ఆ స్కూటరు బ్రేకులు ఇవన్నీ ఉన్నాయి. కానీ మా ఇంట్లో ముద్దాయి ముందే ఖాయమైపోయింది. కమ్మలు ఎర్రగుడ్డలో చుట్టి అత్తగారి ఇనపపెట్టెలోకి పోయాయి. ఆ పిల్ల చెవులకు వేపపుల్లలు పెట్టుకుని తిరిగింది కొన్నాళ్ళు. సుగుటూరు గంగమ్మకు మొక్కు చెల్లించాం. శనివారాలు నూనెదీపాలు పెట్టాం.

రాళ్ళు పెట్టెలోకి పోయినా పేరు మాత్రం మనిషి మీదే ఉండిపోయింది. పాలు విరిగితే ఎవరు కాచారని అడగడం, ప్రయాణమయ్యేటప్పుడు ఎవరు ఎదురొచ్చారని చూడడం. నోటితో ఎవరూ ఏమీ అనేవారు కాదు. చూపుతో అనేవాళ్ళం.

ఇక్కడ దాకా చెప్పి, తప్పంతా పైలోకంలో ఉన్న అత్తగారి మీద పెట్టి చేతులు కడుక్కోవచ్చు. చాలా కథల్లో అత్తలకు అదే పని. కానీ 1993లో మా పాప పెద్దమనిషి అయినప్పుడు పేరంటం చేశాం. ముత్తైదువలు వరసగా వచ్చి బొట్టు పెట్టి హారతి ఇస్తున్నారు. మా తోడికోడలు పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని ముందుకు వచ్చింది. ఆ పాపను ఎత్తుకుని తిప్పింది తను, జడలు వేసింది తను. నేను పళ్ళెం అందుకుని, "నువ్వు లోపల వడ్డన చూడమ్మా, ఇక్కడికి వీళ్ళు చాల్లే" అన్నాను.

ఆ మాట అన్నది అత్తగారు కాదు. నేను.

ఆమె "అట్లనే అక్కా" అని లోపలికి వెళ్ళింది. అందరికీ వడ్డించింది. రెండేళ్ళకు మా మరిది కుప్పంలో చిన్న కొట్టు పెట్టుకుని సంసారం అక్కడికి మార్చాడు. పండగలకు వచ్చేవాళ్ళు, వెళ్ళేవాళ్ళు. ఆ మాట మళ్ళీ ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అత్తగారు పోయి కొన్నేళ్ళైంది. ఇనపపెట్టె తాళంచెవి నా కొంగుకు వచ్చింది. ఇప్పుడు ఆమె కూతురి నిశ్చితార్థానికి నీలం ఉంగరం వస్తుంటే, ఆమె ఫోను చేసి అడిగింది నన్ను. ఊరంతా సిద్ధాంతులుండగా నన్నెందుకు అడిగిందో అర్థమైంది. అందుకే చారు ఉప్పైంది.

మర్నాడు పెట్టె తెరిచాను. ఎర్రగుడ్డ రంగు వెలిసింది గాని నీలం వెలవలేదు. కమ్మలు సంచిలో వేసుకుని బెంగుళూరులో మా తమ్ముడింటికి వెళ్ళాను. అక్కడ రాళ్ళను పరీక్ష చేసి కాగితం రాసిచ్చే చోటు ఒకటుందని వాడే తీసుకుపోయాడు. చూసే అమ్మాయి ముప్పై లోపే ఉంటుంది, కన్నడ యాసతో చక్కటి తెలుగు. "ఆ ఉంగరం కూడా చూడమంటారా ఆంటీ?" అంది నా వేలి వైపు చూసి. ఎట్లాగూ వచ్చాం కదా అని పుష్యరాగం కూడా తీసిచ్చాను.

ఆమె చెప్పిన పాఠం మీకూ చెప్తాను. నా వయసులో కొత్తగా ఒకటి తెలిస్తే పది మందికి చెప్పనిదే నిద్ర పట్టదు.

కెంపు, నీలం వేర్వేరు జాతులని కదా మనం అనుకునేది? రెండూ ఒకే రాయి. దాని పేరు కురువిందం. ఇంగ్లీషువాళ్ళు కొరండం అనే మాట కూడా మన దక్షిణాది కురుందం నుంచి పోయిందే. కత్తులకు సానపట్టే రాయి ఉంటుందే, అదే వంశం. వజ్రం తర్వాత గట్టితనంలో దానిదే పెద్దపీట. వజ్రం 10 అయితే ఇది 9. శుద్ధంగా ఉంటే దానికి రంగే లేదు, నీళ్ళలా ఉంటుంది. అందులో చిటికెడు క్రోమియం కలిస్తే ఎరుపు, అది కెంపు. ఆ చిటికెడులో ఇంకా తక్కువైతే గులాబి నీలం. ఇనుము, టైటానియం రెండూ కలిసి చేరితే మన భయాల నీలం. ఆ చేరే పదార్థం నూటికి ఒక వంతు కూడా ఉండదట. ఊదా ఉంది, ఆకుపచ్చ ఉంది, పగలు నీలంగా, దీపం వెలుగులో వంగపండు రంగుగా మారేదీ ఉంది. సింహళంలో కనకాంబరం, తామర కలిసినట్టుండే ఒక రంగును 'పద్‌పరద్శ' అంటారు. మన పద్మరాగం అనే మాటే సముద్రం దాటి అట్లా మారింది. మనం పద్మరాగం అంటే కెంపు, వాళ్ళకది కెంపు చెల్లెలు.

రంగుల్లో కూడా ఊరికో పేరు. 1880ల మొదట్లో కాశ్మీరంలో పాడర్ దగ్గర కొండచరియ విరిగి బయటపడ్డ నీలాలది మఖమల్ లాంటి నిండు రంగు. ఆ గని కొద్ది ఏళ్ళకే అడుగంటింది, అందుకే అంత ధర. సింహళంలో రత్నపుర నీలాలది తేలిక రంగు, తెల్లవారుజాము ఆకాశం లాగా. ఆస్ట్రేలియావి చాలావరకు సిరాబుడ్డి నలుపు. మరీ నల్లబడ్డా, మరీ పాలిపోయినా వెల తగ్గుతుంది. నిండుగా ఉండి, దీపం కింద కూడా బతికి ఉండే నీలానికే గిరాకీ.

"మరి పసుపు రంగుది?" అన్నాను.

"ఇనుము ఆంటీ. మీ ఉంగరంలోది అదే. పసుపు నీలం. పుష్యరాగం పేరుతో టోపాజు కూడా అమ్ముతారు, అది వేరే రాయి. మీది మాత్రం నీలమే" అంది.

నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా నా వేలికున్నది నీలమా! గురుబలం అని తొడిగింది, ప్రమోషన్లు తెచ్చింది, బావిలో నీళ్ళు పోసింది నీలమా!

ఆమె సూక్ష్మదర్శినిలో చూడమంది. లోపల సన్నటి వెండిదారాలు అల్లినట్టు మెరుస్తున్నాయి. "దీన్ని మేము 'సిల్క్' అంటాం, పట్టు" అంది. రాయి భూమిలో చల్లారేటప్పుడు లోపల ఏర్పడిన సూదుల్లాంటి పోగులట. ఇవి బాగా ఒత్తుగా ఉంటేనే కొన్ని నీలాల్లో ఆరు రేకుల నక్షత్రం కనిపిస్తుంది. రంగు బాగుపడాలని రాళ్ళను కొలిమిలో కాలుస్తారు. చాలా నీలాలు ఇప్పుడు అట్లా కాల్చినవే. గట్టిగా కాలిస్తే ఈ పట్టు కరిగిపోతుంది. ఇది కరగలేదు కాబట్టి కాల్చని రాయి. మదనపల్లె పిల్లకు పట్టు చూసి పుట్టిల్లు గుర్తురాకుండా ఉంటుందా? ఇంకో వింత, నీలాన్ని ఒక వైపు నుంచి చూస్తే నీలం, పక్కకు తిప్పితే కొంచెం పచ్చ. పడుగూ పేకా లాగానే. నువ్వు నిలబడిన చోటును బట్టి పాపా!

తర్వాత కమ్మలు పెట్టింది. చాలాసేపు చూసింది. "మీరే చూడండి" అని లేచింది. లోపల పట్టు లేదు. గ్రామఫోను రికార్డు మీద ఉంటాయే, అట్లా వంపు తిరిగిన సన్నగీతలు.

"భూమిలో పుట్టిన రాయిలో గీతలు సూటిగా, కోణాలుగా ఉంటాయి. ఇట్లా వంపు తిరిగితే కొలిమిలో పుట్టింది" అంది. 1902లో ఫ్రాన్సులో వెర్నుయ్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ పద్ధతి ప్రకటించాడట. అల్యూమినా పొడిని 2000 డిగ్రీలు దాటిన మంటలోంచి రాలుస్తారు. అది కరిగి, కింద పొరమీద పొరగా గడ్డకట్టి రాయి అవుతుంది. ముందు కెంపులు చేశారు, 1910 ప్రాంతానికి నీలాలూ వచ్చేశాయి. గాజు కాదు, మోసపు రాయీ కాదు. పదార్థం అదే, గట్టితనం అదే. పుట్టిన చోటే వేరు.

కాగితం రాసిచ్చింది. రెండు రాళ్ళకూ జాతి ఒకటే, వెలుతురు వంగే లెక్క ఒకటే, 1.76. ఒకటి సహజం, ఒకటి కృత్రిమం. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాను. శని గడి ఎక్కడా లేదు. ఉన్నా, ఆ మహానుభావుడు ఏ ఫ్యాక్టరీ కొలిమి చిరునామా వెతుక్కుని వచ్చి మొగిలి ఘాట్‌లో స్కూటరు తోసి ఉండాలి?

నవ్వొచ్చింది. వెంటనే ఆ పేరంటం గుర్తొచ్చి నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

రెండో రోజు పుంగనూరులో కుప్పం దారి పట్టాను. పలమనేరులో బస్సు మారి, వి.కోట, శాంతిపురం మీదుగా. దారి పొడుగునా టమోటా తోటలు, మల్బరీ చేలు, అక్కడక్కడా రాయి కోసుకుపోయిన గుట్టలు. కిటికీ పక్కన కూర్చుని ఏం చెప్పాలో వాక్యాలు పేర్చుకున్నాను. నవరత్నాల ఉంగరంలో తొమ్మిదింట్లో ఒకటిగా ఉన్న నీలానికి ఎవరం భయపడం, ఒంటరిగా ఉన్నదానికే భయపడతాం, కొత్తకోడలు కూడా అంతే కదా అని. తిరుమలలో మొక్కు తీర్చేటప్పుడు జుట్టును తలనీలాలంటాం, దేవుణ్ణి నీలమేఘశ్యాముడంటాం, చెవి దగ్గరికొచ్చేసరికి ఈ భయమేమిటి అని. చాలా బాగున్నాయనిపించింది. గడప దగ్గర ఆమె "రా అక్కా, ఒక్కదానివే వస్తివా" అని సంచి అందుకునేసరికి అన్నీ మర్చిపోయాను.

వంటింట్లో పీటమీద కూర్చుని ఎర్రగుడ్డ విప్పి ఆమె చేతిలో పెట్టాను. కాగితం చూపించాను. "ఇవి కొలిమి రాళ్ళమ్మా. నా వేలికుండేదే అసలు నీలం. ఇన్నేళ్ళు తెలీక..." అని ఆగాను. తెలీక అన్న మాట నా చెవికే అబద్ధంలా వినిపించింది. తెలిసినా తెలియకపోయినా ఒక పిల్ల చేతిలోంచి పళ్ళెం లాక్కోవచ్చునా? "ఆ పొద్దు పేరంటంలో నిన్ను లోపలికి పొమ్మన్నాను. అత్తమ్మ చెప్పలేదు. నేనే అన్నాను. తప్పు" అన్నాను.

ఆమె కమ్మలు అరచేతిలో అటూ ఇటూ కదిలించింది. "కొలిమి రాళ్ళని నాకు తెలుసు అక్కా" అంది.

నాకు అర్థం కాలేదు.

"నాయన కొన్నెప్పుడే అంగడాయన చెప్పినాడంట. 'ఇవి చేసిన రాళ్ళు, అసలువి నీకు అందవు' అని. నాయనకు ఈ రంగే కావాలనింది. పొద్దున గనిలోకి దిగితే మాపటికి పైకి వచ్చే మనిషి. పైకి వచ్చినాక మొదట చూసేది ఆకాశమే అని చెప్తా వుండె. నాకు ఇచ్చేటప్పుడు చెప్పినాడు, 'రాయి చేసిందేమ్మా, బంగారు మాత్రం మంచిదే' అని."

"మరి ఆ పొద్దే చెప్పి వుంటే అయిపోయేది గదమ్మా! పాలల్లో వేసినప్పుడే..."

"చెప్తే అత్తమ్మ ఏమనేది? 'గనిలో పనిచేసేవాడు కూతురికి ఉత్త రాళ్ళు పెట్టి పంపినాడు' అనేది. పదిమందిలో అనేది. నన్ను నష్టజాతకురాలు అన్నా పడొచ్చు. మా నాయన్ను అంటే పడలేను." ఆమె గొంతులో కోపం లేదు. "పాలు నీలం అయినాయి అని అందరూ అన్నప్పుడు లోపల నవ్వొచ్చింది అక్కా. తలకాయ ఎత్తితే నవ్వు కనిపిస్తాదని కిందికే చూస్తా వుంటి."

సిగ్గనుకున్నాను నేను!

వాళ్ళ నాయన ఇప్పుడు లేడు. ఆ గనులు కూడా 2001లో మూతపడ్డాయి. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆమె ఈ మాట ఎవరికీ చెప్పలేదు, మా మరిదికి కూడా.

"మరి తెలిసీ నన్ను ఎందుకడిగినావు, నీలం ఉంగరం పెట్టొచ్చునా అని?"

ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. పొయ్యి మీద పాలు చూసొచ్చి కూర్చుంది. "పెట్టుకోవచ్చని నాకు తెలుసు. పాపకు తెలుసు. నీ నోట ఒకసారి వినాలనింది, అంతే."

అంతే. రాయి పడిందా పడలేదా అని ఇన్నేళ్ళు లెక్కలు చూశాం గాని, ఆ పిల్ల మీద ఏం పడిందో చూడలేదు. అది నేనే చూసి ఉండాల్సింది. వరసకు అక్కను.

అప్పుడే కాబోయే పెళ్ళికూతురు బెంగుళూరు ఆఫీసు నుంచి ఫోను. తల్లి నాకందించింది. "పెద్దమ్మా, ఉంగరం ఫోటో చూసినావా? లైట్ బ్లూ. అమ్మేమో ఏమీ చెప్పడం లేదు."

"చూసినాను నాయినా. బాగుంది. పెట్టుకో. నిండునూరేళ్ళూ పెట్టుకో" అన్నాను. గొంతు తగ్గించకుండా, వాక్యం సగంలో ఆపకుండా అన్నాను. తోడికోడలు అటు తిరిగి పాల గిన్నె దించింది. దించడానికి అంతసేపు పట్టనక్కరలేదు.

తర్వాత కమ్మల పని పట్టాం. ఇన్నేళ్ళు పెట్టెలో ఉండి సీలలు బిగుసుకుపోయాయి. కొబ్బరినూనె చుక్కవేసి, గుడ్డతో పట్టి తిప్పితే కదిలాయి. ఆమె చెవులకు నేనే పెట్టాను. జుట్టు నెరిసింది, చెంపలు జారాయి. నీలం మాత్రం అదే శంఖుపువ్వు రంగు. అద్దం తెచ్చి చూపిస్తే చూసుకుని, "నాయనకు కన్ను మంచిదే అక్కా" అంది.

నిశ్చితార్థం వచ్చే గురువారం. హారతి పళ్ళెం ఒకవైపు తను, ఒకవైపు నేను పట్టుకోవాలని అనుకున్నాం. నా పుష్యరాగం ఉంగరం నా వేలికే ఉంది. ఇప్పుడు ఎవరైనా అడిగితే నీలం అనే చెప్తున్నాను. కొందరు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంటున్నారు. తీసుకోనీండి.

ఆ సాయంత్రం బస్సుకు ముందు ఇద్దరం కాఫీ కలుపుకుని వాకిట్లో కూర్చున్నాం. వంటింట్లో పాలు పోసేటప్పుడు గిన్నెలోకి వంగి చూశాను. అలవాటు ఊరికే పోతుందా?

పాలు తెల్లగానే ఉన్నాయి.